కప్పు నుంచి బల్ల మీదికి: వేలాడే దీపం ప్రస్థానం

మంట పైకి లేస్తుంది. దాన్ని పోషించే నూనె కింద ఉంటుంది. దీపం నేల మీద ఉన్నంతకాలం దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఎత్తున వేలాడదీసిన మరుక్షణం చిక్కు మొదలవుతుంది. వెలుతురంతా కప్పుకూ గోడలకూ పోతుంది, నూనె గిన్నె నీడ సరిగ్గా కింద కూర్చున్న మనిషి మీద పడుతుంది. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు, రోజూ కళ్ళతో చూసిందే చెప్పారు. ఇవాళ షోరూములో పెండెంట్ లైట్ల కింద నిలబడి గాజుదా, ఇత్తడిదా అని తేల్చుకోలేక సతమతమయ్యే మనకు ఈ సంగతి తోచదు. బల్బు తలకిందులుగా వేలాడడం అంత మామూలైపోయింది. ఆ తలకిందులు కావడానికే శతాబ్దాలు పట్టింది. ఆ దారిని ఒకసారి వెనుదిరిగి చూసినవారికి, తమ ఇంట్లో ఏ దీపాన్ని ఎక్కడ, ఎంత ఎత్తున కట్టాలన్న ప్రశ్న సగం తేలిపోతుందని నా నమ్మకం.

వేలాడే దీపాల గురించి వివరంగా రాసిపెట్టిన పాత సాక్ష్యాల్లో ఒకటి కాన్‌స్టాంటినోపుల్‌ది. అక్కడి హాగియా సోఫియా చర్చి గుమ్మటం 558లో కూలి, తిరిగి కట్టాక, చక్రవర్తి కొలువులోని పౌలస్ సైలెంటియారియస్ ఆ కట్టడాన్ని వర్ణిస్తూ 563 ప్రాంతంలో ఒక దీర్ఘకావ్యం చదివాడు. అందులో దీపాల వర్ణన ప్రత్యేకంగా ఉంది. గుమ్మటం అంచు నుంచి పొడవాటి ఇత్తడి గొలుసులు దిగుతాయి. వాటి చివర వెండి పళ్ళేలు, ఆ పళ్ళేలకు గుండ్రటి రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక గాజు పాత్ర, అందులో నూనె, వత్తి. పళ్ళేనికి రంధ్రం ఎందుకు పెట్టారో గమనించాలి. గాజు పాత్ర అడుగు పళ్ళెం కిందికి చొచ్చుకు వస్తే వెలుతురు ఆ అడుగులోంచి కిందికి జారుతుంది. గొలుసులు అంత పొడవుగా దింపడానికీ కారణం ఉంది: దీపాలు గుమ్మటం దగ్గర కాకుండా జనం తలలకు కాస్త పైన వెలగాలి. పెద్ద హాలులో దీపం కప్పుకు కాకుండా మనుషులకు దగ్గరగా ఉండాలని ఆ పనివాళ్ళకు బాగా తెలుసు.

కైరోలో సుల్తాన్ హసన్ మసీదు కోసం 14వ శతాబ్దంలో చేయించిన గాజు దీపాలు ఇంకో మెట్టు. కూజాలాంటి ఆకారం, భుజాల మీద గొలుసులు తగిలించే చెవులు, ఒంటి నిండా నీలం, ఎరుపు, బంగారు ఎనామెల్ అక్షరాలు. దివ్యజ్యోతిని గాజులో ఉన్న దీపంతో పోల్చే ఖురాన్ వాక్యాలను ఇలాంటి దీపాల మీద రాయించేవారు. దీపం వెలిగినప్పుడు ఆ అక్షరాలు కూడా వెలుగుతాయి. వాటి సొగసు చెప్పనలవి కానిది. కానీ కింద కూర్చుని పుస్తకం చదువుకోవడానికి అవి ఏ మేరకు పనికొచ్చేవన్నది వేరే ప్రశ్న. ఇక్కడే వేలాడే దీపం రెండు తోవలు పట్టింది. ఒకటి మనం చూడడానికి పెట్టే దీపం, రెండోది మనకు ఇంకొకదాన్ని చూపించే దీపం. ఈ రెంటినీ కలగాపులగం చేయడమే ఈనాటి ఇళ్ళల్లో జరిగే పొరపాట్లకు మూలం.

మన దగ్గర మొదటి తోవకు చక్కటి ఉదాహరణ కార్తీకమాసపు ఆకాశదీపం. చిల్లులున్న చిన్న లోహపు పాత్రలో ప్రమిద పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగుతారు. దాని కింద ఎవరూ చదువుకోరు, వంట చేయరు. ఊరి పొలిమేరల నుంచి కనబడాలి, అంతే. డిసెంబరు వస్తే క్రైస్తవుల ఇళ్ళ ముందు, డాబాల మీద కట్టే కాగితపు నక్షత్రాలదీ అదే పద్ధతి. దూరం నుంచి చూసేవారి కోసం ఎత్తున కట్టిన దీపాలవి. గర్భగుడిలో గొలుసుకు వేలాడే కంచు దీపం మాత్రం ఆ రెండు తోవలకూ మధ్యలో నిలుస్తుంది. మూలవిరాట్టు ముఖాన్ని అది చూపిస్తుంది, అదే సమయంలో తానూ దర్శనీయంగా ఉంటుంది. కేరళలో తూక్కు విళక్కు అనే వేలాడే దీపం గుడి నుంచి ఇంటి పూజగదికీ వచ్చింది.

మామూలు తెలుగు ఇంట్లో మాత్రం దీపం ఎక్కువకాలం కిందే ఉంది. గోడలో దీపపు గూడు, నట్టింట్లో సెమ్మె, చేతిలో ఆముదపు ప్రమిద. దీనికి పేదరికం ఒక్కటే కారణం కాదు. మనం భోంచేసింది నేల మీద, పీట వేసుకుని, విస్తరి ముందు. బియ్యం ఏరినా, పిల్లలు పలక మీద దిద్దినా నేల మీదే. పని నేల మీద జరిగే ఇంట్లో వెలుతురూ నేలకు దగ్గరగా ఉండడమే సబబు. పైన దూలానికి దీపం కట్టి కింద విస్తరి వేస్తే ఆ ఎత్తు నుంచి ఆముదపు వెలుగు అన్నం దాకా చేరదు. బల్ల మీద వేలాడే దీపం బల్ల ఉన్న ఇళ్ళలో పుట్టింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, తరవాత మనకు ఎదురయ్యే చిక్కులకు వేరు ఇక్కడే ఉంది.

రాజుల ఇళ్ళ కథ వేరు. 1674లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ సీసం కలిపిన గాజుకు ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా స్ఫటికశిలను చెక్కితేనే వచ్చే తళుకు, ఇక కొలిమిలో పోసిన గాజుకూ వచ్చింది. 1684లో పూర్తయిన వెర్సాయ్ అద్దాల మందిరం కొవ్వొత్తుల వెలుగును అద్దాలతో రెట్టింపు చేసి చూపింది. షాండిలియర్ అన్నది నిజానికి కొవ్వొత్తి బలహీనతకు విరుగుడు: ఒక్కో కొవ్వొత్తి ఇచ్చే కాస్త వెలుగును వందల గాజు ముక్కలతో పగలగొట్టి, ఎక్కువ వెలుగన్న భ్రమ కల్పించడం. బర్మింగ్‌హామ్‌లో 1807లో మొదలైన ఆస్లర్ కంపెనీ ఈ విద్యలో ఆరితేరింది. 1851 లండన్ మహాప్రదర్శనలో 27 అడుగుల ఎత్తు గాజు ఫౌంటెన్ నిలబెట్టింది వాళ్ళే. మన సంస్థానాల కొనుగోళ్ళు ఎంతగా ఉండేవంటే ఆ కంపెనీ కలకత్తాలోనే దుకాణం తెరిచింది. గ్వాలియర్ జయవిలాస్ ప్యాలెస్‌లో ఒక్కొక్కటి మూడున్నర టన్నుల బరువుండే రెండు షాండిలియర్లను కట్టేముందు, పైకప్పు ఆగుతుందో లేదోనని ఏనుగులను ఎక్కించి చూశారని చెప్పుకుంటారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ దర్బారు హాలుకు వెళితే బెల్జియం గాజు షాండిలియర్లు 19 వరసగా కనిపిస్తాయి. పాలరాతి గద్దె మీది నిజాముకు అవి ఏమి చూపించేవో కానీ, నిజామును జనానికి చూపించాయి. అది వాటి పని, దాన్ని అవి ఘనంగా చేశాయి.

ఇప్పుడు విల్లాల్లో రెండంతస్తుల ఎత్తున్న హాలు కట్టి, పైనుంచి గాజు షాండిలియర్ దింపుతున్నవారు దర్బారు దీపాన్నే తెచ్చుకుంటున్నారు. తప్పేమీ లేదు. కాకపోతే దాని కింద సోఫాలో కూర్చున్నవారికి పేపరు చదవడానికి ఇంకో దీపం కావాలి. పాత దర్బారు హాళ్ళలో కొవ్వొత్తులు ముట్టించడానికీ ఆర్పడానికీ షాండిలియర్‌ను తాళ్ళతో, చక్రాలతో కిందికి దించే ఏర్పాటు ఉండేది. నేటి ఇళ్ళలో అది లేక, రెండేళ్ళు తిరిగేసరికి దుమ్ము పట్టి, సగం బల్బులు మాడి, నిచ్చెన వేసేవారి కోసం వెతుక్కుంటున్న షాండిలియర్లను చూశాను. ఇరవై అడుగుల ఎత్తున దీపం కట్టేవారు దాన్ని దించే మోటారు సంగతి కూడా ముందే అడగాలి.

చూపించే దీపం దారి మలుపు తిరిగింది 1780లో. జెనీవాకు చెందిన ఎమే ఆర్గాండ్ వత్తిని గొట్టంలా గుండ్రంగా చేసి, మధ్యలోంచి గాలి ఆడేలా పెట్టి, పైన చిమ్నీ నిలబెట్టాడు. ఒక్క దీపం ఆరేడు కొవ్వొత్తుల వెలుగిచ్చింది. అయినా నూనె తొట్టి ఒక పక్కన అడ్డంగా ఉండి, ఆ పక్కంతా నీడ పరిచేది. 1809లో పారిస్‌లో బోర్డియే మార్సే ఆ తొట్టిని సన్నటి కడియంలా చేసి దీపం చుట్టూ తొడిగాడు. నీడ ఒక్కచోట పడకుండా చెల్లాచెదురై పలచబడింది. 1853లో ల్వీవ్ నగరంలోని ఆస్పత్రిలో శస్త్రచికిత్సకు లుకాషెవిచ్ తయారుచేసిన కిరసనాయిలు దీపం వెలిగిన తరవాత నూనె చవకైంది. యూరపులో మధ్యతరగతి ఇళ్ళ భోజనాల బల్ల మీదికి దీపం దిగింది ఈ కాలంలోనే. గిలక మీదుగా గొలుసు, గొలుసుకు ఎదురు బరువు, తెల్లటి గాజు గొడుగు కింద దీపం. భోజనానికి కిందికి లాగడం, అయ్యాక పైకి నెట్టేయడం. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి వెలుగు చుట్టూ అమ్మ కుట్టుపని, నాన్న పత్రిక, పిల్లల లెక్కలు చేరాయి. ఇవాళ మనం పెండెంట్ అంటున్నదానికి అసలైన తాత రాజుగారి షాండిలియర్ కాదు, ఈ గిలక దీపం.

మన ఊళ్ళలో ఆ కిరసనాయిలే బుడ్డిగా, హరికేన్ లాంతరుగా వచ్చింది. లాంతరుకు తీగ చెయ్యి ఉంటుంది కాబట్టి దూలానికి కొట్టిన మేకుకో, పశువుల పాకలో గుంజకో తగిలించేవారు. తగిలించినా అదే పాత చిక్కు: నూనె డబ్బా కింద, మంట పైన. అందుకే చదువుకునే పిల్లలు లాంతరును దించి చాప మీద పెట్టుకునేవారు.

గ్యాస్ ఈ కథలో కాస్త ప్రమాదకరమైన అధ్యాయం. 1792లో కార్న్‌వాల్‌లోని రెడ్రూత్‌లో విలియం మర్డాక్ తన ఇంటిని బొగ్గు గ్యాసుతో వెలిగించాడు. వందేళ్ళలో లండన్ గదుల కప్పుల నుంచి గ్యాస్ గొట్టాలు దిగాయి. ఎత్తు మార్చుకునే గ్యాస్ దీపాలకు ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారుతుంది, రెంటి నడుమ నీళ్ళు పోసి గ్యాసు బయటకు రాకుండా ఆపుతారు. నీళ్ళు ఆవిరైపోతే గదిలోకి గ్యాసు. అంటే అప్పుడప్పుడు దీపానికి నీళ్ళు పోయడం ఇంటి పనుల్లో ఒకటైపోయింది. ఎత్తు సరిచేసుకోగలిగే దీపం కోసం మనుషులు అంత ముప్పునూ భరించారు. వేలాడే దీపానికి ఎత్తు ఎంత ముఖ్యమో చెప్పడానికి దీన్ని మించిన రుజువు నాకు కనబడదు.

1885లో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ మేంటిల్ కనిపెట్టాడు. అప్పుడు వెలిగేది మంట కాదు, మంట వేడికి కాగిన అల్లిక. అల్లికను ఎటైనా తిప్పవచ్చు. 1900 ప్రాంతానికి దాన్ని తలకిందులు చేసి, గ్యాసును పైనుంచి పంపారు. నిప్పుతో వెలిగే దీపం ఇప్పుడు నేరుగా కిందికి చూసింది. పెట్రోమాక్స్ గుర్తున్నవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. పెళ్ళిపందిట్లో, బుర్రకథ వేదిక దగ్గర, కొయ్యకు తగిలించిన ఆ దీపంలోనూ మేంటిల్ కిందికే వేలాడేది. కానీ పంపు కొట్టే కిరసనాయిలు టాంకు మాత్రం అడుగునే. ఊరంతా పట్టపగల్లా వెలిగినా, దీపానికి సరిగ్గా కింద గుండ్రటి నీడ. బుర్రకథ చెప్పేవాళ్ళు ఆ నీడ తమ మీద పడకుండా దీపాన్ని కాస్త ముందుకు, పక్కకు కట్టించుకునేవారు. దీపాన్ని ఎక్కడ పెట్టాలన్నది వారికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

విద్యుత్తు వచ్చి ఆ నీడను ఒక్క దెబ్బతో తీసేసింది. 1880లో ఇంగ్లండులోని క్రాగ్‌సైడ్ బంగళాలో జోసెఫ్ స్వాన్ బల్బులు, జలవిద్యుత్తుతో వెలిగాయి. బల్బుకు నూనె లేదు, తొట్టి లేదు, పొగ లేదు. తీగకు వేలాడదీస్తే చాలు, నీడ పడేది పైనే. అయితే ఒక నీడ పోయిందనుకునేలోపు కొత్త బాధ వచ్చింది. టంగ్‌స్టన్ తీగ వచ్చాక, 1913లో శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ బల్బులో గ్యాసు నింపాక వెలుగు ఎంత పెరిగిందంటే బల్బు వైపు చూడలేని స్థితి. కిరసనాయిలు మంటను కళ్ళార్పకుండా చూడొచ్చు, కొత్త బల్బును చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. వెలుతురు లేకపోవడం మీద శతాబ్దాలుగా పోరాడిన మనుషులు ఇక వెలుతురు నుంచి కళ్ళను కాపాడుకోవాల్సి వచ్చింది.

ఈ సమస్యను పట్టుకుని జీవితాంతం వదలని మనిషి డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్. 1894లో పుట్టాడు, కిరసనాయిలు దీపాల వెలుగులో పెరిగాడు. కరెంటు వచ్చాక సాయంత్రపు ఇల్లు తన చిన్నతనంలో ఉన్నంత చల్లగా, హాయిగా ఎందుకు లేదన్నది అతని ప్రశ్న. బల్బును దాచాలి, కానీ వెలుతురును పోగొట్టుకోకూడదు. 1925 పారిస్ ప్రదర్శనలో అతని తొలి దీపాలకు బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడు మూడు షేడ్ల దీపం తయారైంది. దాన్ని దగ్గరగా చూస్తే మూడు గిన్నెలు ఒకదాని కింద ఒకటి బోర్లించినట్టు ఉంటాయి, పైది పెద్దది, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. వాటి వంపు ఒక గణిత సర్పిలం నుంచి తీసుకున్నది. బల్బులోని తీగ ఆ సర్పిలం కేంద్రంలో ఉంటుంది కాబట్టి వెలుగు ప్రతి షేడ్ మీదా ఒకే కోణంలో పడి, మెత్తబడి, కిందికి జారుతుంది. కూర్చున్నవారికి ఏ పక్కనుంచి చూసినా బల్బు కనబడదు. బల్ల మీద మంచి వెలుగు, ఎదుటివారి ముఖం మీద పలచటి వెలుగు, గది మూలల్లో కాస్త చీకటి. ఆ కాస్త చీకటిని అతను కావాలనే వదిలాడు.

1958 నాటికి బల్బు కంపెనీలు బల్బు ఆకారాన్ని, లోపలి తీగ ఉండే చోటును ఇష్టం వచ్చినట్టు మార్చేస్తున్నాయి. అతని లెక్కంతా తీగ ఉండే చోటు మీదే ఆధారపడింది మరి. విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా కళ్ళలో పడని దీపం చేశాడు. అదే పీహెచ్ 5. పెద్ద షేడ్ వెడల్పు 50 సెంటీమీటర్లు కాబట్టి ఆ పేరు. లోపల కనిపించీ కనిపించకుండా ఎరుపు, నీలం రేకులు పెట్టి వెలుగు రంగును కూడా సవరించాడు. డెన్మార్క్‌లో ఆ దీపాన్ని బల్ల మీద 60 సెంటీమీటర్లకు కాస్త పైన, చాలా కిందికి కడతారు. అదే ఏడాది కోపెన్‌హేగన్ లాంగెలినీ పెవిలియన్ కోసం 72 రేకుల ఆర్టిచోక్ దీపం కూడా చేశాడు. నాకు మాత్రం పీహెచ్ 5 గొప్ప. ఆర్టిచోక్ చూడడానికి, పీహెచ్ 5 ఎదురుగా కూర్చున్న మనిషిని చూడడానికి.

ఆ తరంలో మరికొన్ని మంచి దీపాలు పుట్టాయి. వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో 1937లో హెల్సింకి సవోయ్ రెస్టారెంట్ బల్లల మీద ఇత్తడి గంటల్లాంటి దీపాలు వేలాడదీశాడు. శిల్పి ఇసాము నొగూచి 1951లో జపాన్‌లోని గిఫు వెళ్ళి, అక్కడి వెదురు, వాషీ కాగితపు లాంతర్ల పనివాళ్ళతో కలిసి అకారీ దీపాలు మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రతి ఊళ్ళో దొరికే గుండ్రటి కాగితపు షేడ్లు దాని దూరపు చుట్టాలే. డిజైనర్ జార్జ్ నెల్సన్‌కు స్వీడన్ పట్టు దీపం నచ్చింది, 125 డాలర్ల ధర నచ్చలేదు. ఉక్కు తీగల చట్రం మీద ప్లాస్టిక్ చిమ్మి బబుల్ దీపాలు చేశాడు. వీటన్నిటికన్నా ఎక్కువ నేర్పేది 1962లో మిలాన్‌లో కాస్తిల్యోనీ సోదరులు చేసిన ఆర్కో. బల్ల మీద దీపం కావాలి, కానీ కప్పుకు రంధ్రం కొట్టకూడదు. 65 కిలోల పాలరాతి దిమ్మె నుంచి ఉక్కు వంపును సాగదీసి, దాని చివర దీపం పెట్టారు. బల్ల జరిపితే దీపాన్నీ జరపొచ్చు. దిమ్మెకు పెట్టిన రంధ్రంలో చీపురు కర్ర దూర్చి ఇద్దరు ఎత్తొచ్చు. అద్దె ఇంట్లో ఉండేవారు ఆ ఆలోచనను ఈనాటికీ వాడుకోవచ్చు. ఆర్కో లాంటిది కొనకపోయినా, వంపు స్టాండు దీపం కప్పు జోలికి పోకుండా పెండెంట్ పని చేస్తుంది.

ఇక మన ఇళ్ళు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో వెలిసింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో కోస్తా జిల్లాలకు అందింది. పల్లెల్లో మెజారిటీ ఇళ్ళకు కరెంటు వచ్చేసరికి యూరపు వాళ్ళ గిలక దీపాల కాలం దాటిపోయింది. మనకు కరెంటుతో పాటు వచ్చినవి రెండు: నాలుగడుగుల ట్యూబ్‌లైటు, సీలింగ్ ఫ్యాను. ఉక్కబోతలో ఫ్యానే ముఖ్యం, కాబట్టి గది నడిమధ్య చోటు దానిది. దీపం గోడ మీదికి పోయింది. స్లాబు పోసేటప్పుడే నడిమధ్యన ఫ్యాను హుక్ పెట్టడం మేస్త్రీలకు అలవాటైంది. అంటే డానిష్ ఇంట్లో పెండెంట్ ఎక్కడ ఉంటుందో, మన ఇంట్లో అక్కడ ఫ్యాను ఉంటుంది. విదేశీ పత్రికల ఫొటోలు చూసి పెండెంట్ కొన్నవారు దీన్ని మరిచి దెబ్బతింటున్నారు.

ఫ్యాను పక్కన దీపం పెడితే ఏమవుతుందో ఒకసారి చూసినవారు మళ్ళీ పెట్టరు. దీపం రెక్కల కన్నా పైన ఉంటే, రెక్కలు దాన్ని క్షణక్షణం అడ్డుకుని గదంతా నీడలు దడదడలాడుతాయి. రెక్కల కన్నా కింద, దగ్గరగా ఉంటే వైరుకు వేలాడే తేలిక షేడ్ గాలికి ఊగి, ముద్ద కలుపుతున్న చేతి మీద నీడ అటూ ఇటూ పాకుతుంది. 48 అంగుళాల ఫ్యానుకు నడిమధ్య నుంచి రెక్క చివరికి రెండడుగులు. ఫ్యాను నడిమధ్య నుంచి దీపానికి కనీసం నాలుగైదు అడుగుల దూరం ఉండాలంటాను. ఆ దూరంలోనూ వైరు కన్నా గట్టి కడ్డీకి వేలాడేది మేలు. చిన్న భోజనాల గదిలో అంత చోటు లేకపోతే నడిమి ఫ్యాను తీసి గోడ ఫ్యాను పెట్టుకోవాలి. రెండూ ఒకే నడిమధ్యను పంచుకోలేవు.

ఎత్తు విషయంలో పాశ్చాత్య పుస్తకాలు బల్ల పైనుంచి దీపం అడుగుకు 28 నుంచి 34 అంగుళాలంటాయి. కూర్చుని గిన్నెలు ఒకరికొకరు అందించుకునేవారికి అది సరిపోతుంది. మన ఇళ్ళలో ఒకరు నిలబడి వడ్డిస్తారు. చారు గరిటె పట్టుకుని బల్ల మీదికి వంగే మనిషి నుదుటికి 28 అంగుళాల దీపం తగలక మానదు. అందుకని 33 నుంచి 36 అంగుళాలు మనకు నప్పుతాయి. ఎత్తు పెంచామంటే కూర్చున్నవారికి కింది నుంచి బల్బు కనిపిస్తుంది కాబట్టి, అడుగున పాల గాజు మూత ఉన్నదో, లోతైన షేడ్ ఉన్నదో ఎంచుకోవాలి. బల్బు బట్టబయలుగా కనిపించే పారదర్శక గాజు షేడ్లు ఫొటోలో అందంగా ఉంటాయి, భోజనంలో కళ్ళలో పొడుస్తాయి. వాటిని బల్ల మీద కట్టొద్దని గట్టిగా చెబుతాను. మెట్ల మలుపులోనో, కిటికీ మూలనో కట్టుకోండి, అవి చూడడానికి చేసిన దీపాలు. మనుషులు కింద నుంచి నడిచే చోట మాత్రం అడుగు నేలకు ఏడడుగుల పైన ఉండాలి.

వెడల్పుకు బల్ల వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతులు. మూడడుగుల బల్లకు 18 నుంచి 24 అంగుళాల షేడ్ ఒక్కటి చాలు. ఆరడుగుల పొడవు బల్లకు పన్నెండు అంగుళాలవి రెండు కడితే, ఒక్కోటి బల్ల చివరి నుంచి అడుగున్నర లోపలికి రావాలి. కొనేముందు అదే కొలతకు అట్టను గుండ్రంగా కత్తిరించి, దారంతో కట్టి, ఇంట్లో అందరికన్నా పొడుగాటివారిని నిలబెట్టి వడ్డన చేయించి చూడండి. షోరూములో 14 అడుగుల కప్పు కింద చిన్నదిగా కనిపించిన దీపం మన పదడుగుల స్లాబు కింద బండలా ఉంటుంది. బల్ల గది మధ్యలో లేకపోతే దీపాన్ని గది మధ్యలో కట్టి తృప్తిపడకండి. వైరును కప్పు వెంట నడిపి బల్లకు సరిగ్గా పైన హుక్‌కు దించొచ్చు. బరువు హుక్ మీద పడాలి, వైరు మీద కాదు. ఫాల్స్ సీలింగ్ జిప్సం పలక బరువు మోయదు, ఫాస్టెనర్ స్లాబులోకి దిగాలి. ఇత్తడి, ఇనుము షేడ్‌కు ఎర్త్ వైరు తప్పనిసరి. కొత్త ఇల్లు కడుతున్నవారు స్లాబు సెంట్రింగ్ మీద పైపులు పరిచే రోజే భోజనాల బల్ల ఎక్కడో సుద్దతో గీసి, అక్కడొక బాక్సు వేయించుకుంటే ఈ తంటాలేవీ ఉండవు.

వంటింట్లో పొయ్యికి దగ్గరగా వేలాడే దీపం నాకు నచ్చదు. పోపు నూనె ఆవిరి దుమ్ముతో కలిసి షేడ్ మీద జిగురులా పేరుకుంటుంది. గాజు, నున్నటి లోహం అయితే తుడుచుకోవచ్చు. వెదురు, జనపనార, గుడ్డ షేడ్లను మాత్రం అక్కడ పెట్టకూడదు. అవి పడకగదికి బాగుంటాయి. మంచం పక్కన బల్ల మీద చోటు లేనప్పుడు చిన్న పెండెంట్‌ను మంచం పక్కకు దించి, స్విచ్ చేతికందేలా పెట్టుకోవడం మంచి పద్ధతి.

మన నేల మీద తయారయ్యే షేడ్ల గురించి చెప్పకపోతే మనసొప్పదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఆట చూసేవారు తగ్గాక, అదే మేకతోలు, అదే రంగులు, అదే చిల్లుల పనితో లాంపు షేడ్లు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ ఉన్నదే వెనక నుంచి వెలుగు పడడానికి. అందుకే ఆ షేడ్‌లో దీపం వెలగగానే ఎరుపు, పచ్చ రంగులు లోపలి నుంచి పూస్తాయి, చిల్లుల వెలుగు గోడల మీద చుక్కలు పెడుతుంది. పాత బల్బుల వేడికి తోలు ముడుచుకునే ప్రమాదం ఉండేది, ఎల్ఈడీకి అంత వేడి లేదు. అది చూసుకునే దీపం, బల్ల మీద కన్నా హాలు మూలన నిండుగా ఉంటుంది. ఇత్తడిలో కావాలంటే మురాదాబాద్ పనివాళ్ళున్నారు. లండన్‌లో టామ్ డిక్సన్ పేరుతో అమ్ముడుపోయే బీట్ దీపాలు అక్కడ సుత్తితో కొట్టి చేసినవే, వాటి ఆకారాలు మన బిందెల నుంచి, గిన్నెల నుంచి పోయినవే.

తెల్లటి ఎల్ఈడీ బల్బుకు దారి తీసిన నీలం ఎల్ఈడీ సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఆ బల్బు మన పల్లెల దాకా చేరింది. కరెంటు ఖర్చు చాలా తగ్గింది కానీ, 6500 కెల్విన్ తెల్లటి వెలుగు కూడా దాంతోపాటే ఇంటింటా చేరింది. ట్యూబ్‌లైటుకు అలవాటుపడ్డ కళ్ళు తెలుపునే వెలుతురు అనుకుంటాయి. బల్లకు దగ్గరగా వేలాడే దీపానికి అది పనికిరాదు. గోంగూర పచ్చడి నల్లగా, మామిడికాయ పప్పు పాలిపోయినట్టు, ఎదుటివారి ముఖం జబ్బుపడినట్టు కనిపిస్తాయి. 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్న బల్బు తీసుకోండి. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ డబ్బా మీద 90 అని ఉంటే ఇంకా మంచిది. డిమ్మర్ పెట్టించేటట్టయితే బల్బు మీద కూడా డిమ్మబుల్ అని రాసి ఉండాలి, లేకపోతే అది మినుకుమినుకుమంటుంది.

ఆఖరుగా ఒక్క సంగతి. ఇప్పుడు దుకాణాల్లో సన్నటి ఉంగరాలు, కడ్డీలు, ఆకుల ఆకారాల్లో వస్తున్న పెండెంట్లలో చాలావాటికి బల్బు ఉండదు. ఎల్ఈడీ చిప్పులు లోహంలోనే అతికి ఉంటాయి. అవి మాడినా, వాటికి కరెంటు అందించే డ్రైవర్ పోయినా మొత్తం దీపమే పోయినట్టు. కంపెనీలు బల్బులు మారుస్తున్నాయని హెన్నింగ్‌సెన్ ఏ బల్బుకైనా సరిపోయే దీపం చేశాడు; ఇప్పుడు బల్బే మార్చలేని దీపాలు వచ్చాయి. దుకాణంలో ధర అడిగేముందు షేడ్ లోపలికి చెయ్యి పెట్టి హోల్డర్ ఉందో లేదో చూడండి. బయటి దేశాల నుంచి వచ్చినవాటికి ఎక్కువగా మరతిప్పే ఈ27 హోల్డర్ ఉంటుంది, మన పిన్ను బల్బు దానికి పట్టదు. కానీ ఈ27 బల్బులు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోని ఎలక్ట్రికల్ షాపుల్లో కూడా దొరుకుతున్నాయి, అడాప్టర్ అయితే పదుల రూపాయల్లోనే వస్తుంది.